లాగ్ సర్వీసులో మెమరీ లీకు: తిరిగిచ్చే పూచీ ఎవరిది?

2012 అక్టోబర్ 22, సోమవారం. మన గడియారంలో రాత్రి పదిన్నర. అమెరికా పశ్చిమ తీరంలో ఇంకా ఉదయం 10 గంటలే. ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ క్లౌడ్‌లో కొన్ని డిస్కులు నెమ్మదించాయి. కాసేపటికి మొరాయించాయి. వాటి మీద ఆధారపడ్డ రెడిట్ లాంటి పేరున్న సైట్లు ఆ రోజు చాలాసేపు సరిగా నడవలేదు.

తర్వాత అమెజాన్ జరిగిందంతా రాసి బయటపెట్టింది. డిస్కులు పాడవలేదు. ఎవరూ దాడి చేయలేదు. అక్కడి ప్రతి స్టోరేజీ సర్వర్‌లోనూ ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. ఆ సర్వర్ బాగోగుల వివరాలు పోగుచేసి, వాటిని సేకరించే మరో సర్వర్‌కు పంపడం దాని పని. అంతకు ముందు వారం ఆ సేకరణ సర్వర్లలో ఒకటి హార్డ్‌వేర్ చెడి ఆగిపోయింది. దాని స్థానంలో కొత్తది పెట్టారు, సర్వర్ల చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్‌లో చిరునామా మార్చారు. ఆ మార్పు కొన్ని చోట్లకు చేరలేదు. చేరని చోట్ల ఉన్న ప్రోగ్రాంలు, లేని సర్వర్‌నే పిలుస్తూ కూర్చున్నాయి. అలా పిలిచే తీరులోనే ఒక తప్పు దాగి ఉంది. దానివల్ల కాస్త కాస్తగా మెమరీ హరించుకుపోయింది.

వివరాలు కొన్ని రాకపోయినా ఫరవాలేదన్నట్టు ఆ వ్యవస్థను కట్టారు కనుక, అవి రావడం లేదని ఎవరికీ తెలియలేదు. మెమరీ మీద నిఘా అయితే ఉంది. కానీ ఆ సర్వర్లు మామూలు రోజుల్లోనే ఉన్న మెమరీనంతా వాడేసుకుంటాయి. ఎంత దాటితే ప్రమాదమో గీత గీయడం కష్టం. సోమవారం పొద్దుటికి అసలు పని చేయడానికే చోటు చాలలేదు.

ఆ ప్రోగ్రాం లాంటిదే దాదాపు మన ప్రతి లినక్స్ కంప్యూటర్‌లోనూ ఒకటి నడుస్తూ ఉంటుంది. దాన్నే సిస్టమ్ లాగింగ్ సర్వీసు అంటాం. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ డిస్కు తప్పు చూపింది, ఏ ప్రోగ్రాం ఎందుకు ఆగింది, ఇవన్నీ వేళతో సహా రాసిపెడుతుంది. 1980 దశకంలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ తన సెండ్‌మెయిల్ కోసం సిస్‌లాగ్ రాశారు. 1998లో హంగేరీకి చెందిన బలాజ్ షైడ్లర్ సిస్‌లాగ్-ఎన్‌జీ మొదలుపెట్టారు. 2004లో జర్మనీ నుంచి రైనర్ గెర్హార్డ్స్ ఆర్‌సిస్‌లాగ్ తెచ్చారు. 2011లో, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీని రాసేవాళ్ళు జర్నల్‌డీని ముందుకు తెచ్చారు. ఇవాళ మన బ్యాంకు సర్వర్లలోనూ, టికెట్ బుకింగ్ సర్వర్లలోనూ, హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టు వాళ్ళు కాపలా కాసే విదేశీ సర్వర్లలోనూ వీటిలో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది.

ఇవన్నీ సీ భాషలో రాసినవి. సీలో మెమరీ వ్యవహారం పెళ్ళికి టెంట్ హౌస్ నుంచి సామాను తెచ్చుకోవడం లాంటిది. కావలసినన్ని గిన్నెలు అడిగి తెచ్చుకోవచ్చు. వాడుకున్నాక తిరిగి ఇవ్వాలి. టెంట్ హౌస్ వాడు మధ్యలో వచ్చి అడగడు. పెళ్ళివారు తెచ్చిన సామాను వంటవాళ్ళ చేతికి, వాళ్ళ నుంచి వడ్డనవాళ్ళ చేతికి వెళ్తుంది. చివరికి లెక్క చూసి అప్పగించేది ఎవరు? ఎవరికి వారు అవతలివాళ్ళు ఇచ్చేశారనుకుంటారు. నేను చూసినంతలో మెమరీ లీకులు దాదాపు అన్నీ ఇలాగే పుడతాయి. మెమరీ ఒక ఫంక్షన్ చేతి నుంచి మరో ఫంక్షన్ చేతికి మారినప్పుడు, తిరిగిచ్చే పూచీ ఎవరిదో రాసి ఉండదు. లీకు కోసం వెతకడమంటే ఆ చేతులు మారిన చోటు కోసం వెతకడమే.

మామూలు ప్రోగ్రాంలో ఇది పెద్ద నష్టం కాదు. పని అయ్యాక ప్రోగ్రాం ముగుస్తుంది, తీసుకున్న మెమరీ అంతా ఆపరేటింగ్ సిస్టమ్ వెనక్కి లాక్కుంటుంది. లాగింగ్ సర్వీసు ముగియదు. నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది. సందేశానికి 64 బైట్లు పోతున్నాయనుకుందాం. సెకనుకు 1000 సందేశాలు వచ్చే సర్వర్‌లో రోజుకు దాదాపు 5.5 జీబీ పోయినట్టు. ఇది ఒక్క రోజులోనే బయటపడుతుంది. అదే 64 బైట్లు కనెక్షన్ తెగినప్పుడు మాత్రమే పోతే, ఏళ్ళ తరబడి ఎవరూ గమనించరు. ఒక రోజు అవతలి సర్వర్ చిరునామా మారుతుంది, కనెక్షన్ సెకనుకు ఎన్నోసార్లు తెగడం మొదలవుతుంది. అప్పుడు గమనిస్తారు.

అయితే, శ్రోతలారా, ముందు ఒక మాట. లాగ్ సర్వీసు మెమరీ పెరిగిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిలో లీకు ఉండదు. ఈ విషయం తెలియక వారాలు వృథా చేసుకుంటారు.

జర్నల్‌డీ సంగతే చూడండి. అది తన లాగ్ ఫైళ్ళను మెమరీలోకి మ్యాప్ చేసుకుని రాస్తుంది. టాప్ అనే కమాండ్ కొట్టి చూస్తే, ఆ మ్యాప్ అయిన పేజీలన్నీ దాని ఖాతాలోనే కనిపిస్తాయి. వందల ఎంబీలు చూసి కంగారు పడతాం. నిజానికి అవి ఫైలు పేజీలు. చోటు కావలసి వచ్చినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్ వాటిని వెనక్కి తీసుకోగలదు. లినక్స్ కెర్నెల్ 4.5 నుంచి ఈ లెక్కను ప్రతి ప్రాసెస్‌కూ విడివిడిగా చూపిస్తున్నారు. ప్రోక్ ఫైల్ సిస్టమ్‌లో ఆ ప్రాసెస్ స్టేటస్ తెరిస్తే మూడు వరుసలు ఉంటాయి: ఆర్‌ఎస్‌ఎస్ ఆనన్, ఆర్‌ఎస్‌ఎస్ ఫైల్, ఆర్‌ఎస్‌ఎస్ షేర్డ్ మెమరీ. లీకు ఉంటే, ప్రోగ్రాం అడిగి తెచ్చుకున్న మెమరీని చూపే మొదటిది పెరుగుతుంది. రెండోది పెరిగితే హాయిగా టీ తాగి రావచ్చు.

మొదటిదే పెరుగుతోందనుకుందాం. అప్పుడైనా లీకేనా? ఇంకా కాదు. లాగ్ సర్వీసులో క్యూలు ఉంటాయి. సందేశాలను దూరంగా ఉన్న సెంట్రల్ సర్వర్‌కు పంపుతుంటే, ఆ సర్వర్ పడిపోయినా, నెట్‌వర్క్ మందగించినా, వెళ్ళాల్సినవన్నీ ఇక్కడే మెమరీలో వరుస కడతాయి. ఇది లీకు కాదు, బకాయి. తేల్చుకోవడం తేలికే. ఆర్‌సిస్‌లాగ్‌లో ఇంప్‌స్టాట్స్ అనే మాడ్యూల్ ఉంది, అది క్యూలో ఎన్ని నిలిచాయో నిర్ణీత వ్యవధిలో చెబుతూ ఉంటుంది. సిస్‌లాగ్-ఎన్‌జీలోనూ గణాంకాల కమాండ్ ఉంది. క్యూ సైజూ మెమరీ గ్రాఫూ చెట్టాపట్టాలేసుకుని పెరిగితే, వెతకాల్సింది సీ కోడ్‌లో కాదు. నెట్‌వర్క్ టీమ్‌కు ఫోన్ చేయాలి.

ఆ తర్వాత ఇంకో చిక్కు. అవతలి సర్వర్ లేచింది, క్యూ ఖాళీ అయింది, మెమరీ మాత్రం తగ్గలేదు. అందరూ ఇక్కడే లీకు దొరికిందని గట్టిగా నమ్ముతారు. కానీ ప్రోగ్రాం మెమరీ తిరిగిచ్చే ఫ్రీ అనే ఫంక్షన్‌ను పిలిచినంత మాత్రాన మెమరీ కెర్నెల్‌కు చేరదు. మధ్యలో జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ ఉంది. చిన్న చిన్న ముక్కలను, మళ్ళీ అడుగుతారేమోనని తన దగ్గరే ఉంచుకుంటుంది. మొదట్లో 128 కేబీగా ఉండే ఒక హద్దును మించిన పెద్ద ముక్కలనే నేరుగా కెర్నెల్ నుంచి తెచ్చి నేరుగా తిరిగిస్తుంది. అవసరాన్ని బట్టి ఆ హద్దును అదే పెంచుకుంటూ పోతుంది కూడా. పైగా త్రెడ్‌లు ఒకదానికొకటి అడ్డు రాకుండా అరీనాలని విడివిడి నిల్వలు పెడుతుంది. 64 బిట్ యంత్రాల్లో ఒక్కో కోర్‌కు 8 చొప్పున అరీనాలు పుట్టవచ్చు. లాగ్ సర్వీసులకు త్రెడ్‌లు ఎక్కువ. అందుకే అరీనాల సంఖ్యకు హద్దు పెట్టే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చగానే "లీకు" మాయమైన సందర్భాలు చాలా ఉన్నాయి. గుర్తు ఇదే: లైబ్రరీ దాచుకున్న మెమరీ ఒక ఎత్తుకు చేరి అక్కడ ఆగుతుంది. లీకు ఆగదు.

ఇన్ని జల్లెళ్ళూ దాటి, గ్రాఫ్ ఇంకా పైకే పోతుంటే, అప్పుడు నిజంగా వేట మొదలవుతుంది. ఆ గ్రాఫ్ ఆకారాన్ని బాగా చూడాలి. మెట్లు మెట్లుగా, రోజుకో మెట్టు చొప్పున పెరుగుతోందా? రోజూ ఒక వేళకు పాత ఫైలు పక్కన పెట్టి కొత్త ఫైలు తెరిచే లాగ్‌రొటేట్ వైపు చూడాలి. అది సర్వీసుకు ఒక సిగ్నల్ పంపుతుంది, ఆ సిగ్నల్‌కు స్పందించే కోడ్‌లో ఏదో మిగిలిపోతోంది. పగలు ఏటవాలుగా పెరిగి రాత్రి చదునుగా ఉందా? సందేశాల రద్దీతో ముడిపడి ఉంది. ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి ఎగబాకుతోందా? కనెక్షన్లు తెగిన వేళలతో పోల్చి చూడాలి. కోడ్ ఒక్క లైను చదవకముందే, తప్పు ఏ వాడలో ఉందో ఇలా తెలిసిపోతుంది.

అప్పుడు ప్రయోగశాల. అసలు సర్వర్ మీద కాదు, పక్కన ఒక టెస్ట్ మెషీన్ మీద. అదే వెర్షన్, అదే కాన్ఫిగరేషన్. సిస్‌లాగ్-ఎన్‌జీతో లాగ్‌జెన్ అనే సాధనం వస్తుంది, కావలసినన్ని నకిలీ సందేశాలు కురిపిస్తుంది. 1,00,000 సందేశాలు పంపి, ముందూ వెనకా మెమరీ కొలవాలి. 6.4 ఎంబీ పెరిగిందనుకుందాం. సందేశానికి 64 బైట్లు. ఇప్పుడు సందేశం పొడవును రెట్టింపు చేసి అన్నే పంపాలి. నష్టం కూడా రెట్టింపు అయితే సందేశం పాఠమే పోతోంది. అదే 64 దగ్గర ఉంటే, పొడవుతో సంబంధం లేని ఏదో స్థిరమైన స్ట్రక్చర్ పోతోంది. కోడ్‌లో ఆ సైజు స్ట్రక్చర్లు ఎన్నో ఉండవు. నన్నడిగితే, ఖరీదైన సాధనాలన్నిటికంటే ముందు ఈ భాగహారం చేయాలి. చాలామంది దీన్ని దాటవేసి నేరుగా వాల్‌గ్రిండ్ ఎత్తుకుంటారు.

వాల్‌గ్రిండ్ గొప్ప సాధనమే. జూలియన్ సెవర్డ్ 2002లో విడుదల చేశారు. మన ప్రోగ్రాంను నేరుగా ప్రాసెసర్ మీద కాకుండా, తాను సృష్టించిన ఒక కృత్రిమ ప్రాసెసర్ మీద నడుపుతుంది. తీసుకున్న ప్రతి ముక్కకూ ఎవరు తీసుకున్నారో చీటీ రాసుకుంటుంది. చివర్లో తిరిగి రానివాటి జాబితా చదువుతుంది. అందుకు మనం చెల్లించే వెల వేగం. ప్రోగ్రాం 20, 30 రెట్లు నెమ్మదిస్తుంది. లాగ్ సర్వీసు అంత నెమ్మదిస్తే వచ్చే సందేశాలను అందుకోలేదు. అప్పుడు క్యూ పెరుగుతుంది, క్యూతో మెమరీ పెరుగుతుంది. లీకు వెతకబోయి, మనమే పెంచిన బకాయిని చూసి లీకనుకుంటాం. కాబట్టి వాల్‌గ్రిండ్ కింద నడిపేటప్పుడు సందేశాలను నింపాదిగా పంపాలి.

ఇంకో పెద్ద మోసం ఉంది. ఏ చిరునామా నుంచి సందేశం వచ్చినా దాని పేరును ఒక పట్టికలో గుర్తుపెట్టుకునే సర్వీసు ఉందనుకోండి. పట్టికలో చేర్చడమే కానీ తీసేయడం లేదు. కొత్త కొత్త కంటెయినర్లు నిమిషానికొకటి పుట్టి చచ్చే చోట ఆ పట్టిక అంతు లేకుండా పెరుగుతుంది. కానీ సర్వీసును ఆపినప్పుడు అది బుద్ధిగా పట్టికనంతా ఖాళీ చేసి, మొత్తం మెమరీ తిరిగిచ్చేసి పోతుంది. వాల్‌గ్రిండ్ జాబితాలో ఒక్క బైటూ కనిపించదు. లీకులు లేవని సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే ముగింపు లెక్క చూస్తే చాలదు, నడుస్తుండగా తీసిన లెక్క కావాలి. వాల్‌గ్రిండ్‌లోనే మ్యాసిఫ్ అనే పనిముట్టు ఉంది, అది మధ్యమధ్యలో ఏ ఫంక్షన్ దగ్గర ఎంత మెమరీ ఉందో చూపిస్తుంది. నడుస్తున్న అసలు సర్వర్ మీదే చూడక తప్పదంటే, కెర్నెల్‌లోనే చిన్న ప్రోగ్రాంలు నడపనిచ్చే ఈబీపీఎఫ్ ఆధారంగా పనిచేసే మెమ్‌లీక్ అనే సాధనం ఉంది, సర్వీసును ఆపకుండానే దానికి తగిలించవచ్చు. ఏవీ లేకపోతే, జీకోర్‌తో ప్రాసెస్ మెమరీని ఫైలుగా తీసి, అందులో చదవగలిగే అక్షరాలన్నీ ఏరి, వేటికి ఎన్ని నకళ్ళు ఉన్నాయో లెక్కపెట్టడం. మొరటు పద్ధతే. కానీ ఒకే హోస్ట్ పేరు వేలసార్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ ఫైలులో మాత్రం జనాల లాగ్‌లు, ఒక్కోసారి పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి. పని అయ్యాక చెరిపేయాలి.

ఇప్పుడు అసలైన కథ ఒకటి చెబుతాను. 2019 జనవరిలో క్వాలిస్ అనే భద్రతా సంస్థ జర్నల్‌డీలో మూడు లోపాలు బయటపెట్టింది. వాటిలో ఒకటి ఇది. జర్నల్‌డీ ఏ ప్రోగ్రాం నుంచి సందేశం వచ్చినా, ఆ ప్రోగ్రాం ఏ కమాండ్ లైనుతో మొదలైందో కూడా సందేశానికి జత చేస్తుంది. ఆ కమాండ్ లైను పెట్టుకోవడానికి చోటును స్టాక్ మీద తీసుకునేది. ఎంత చోటంటే, కమాండ్ లైను ఎంత పొడవుంటే అంత. ఆ పొడవు పంపేవాడి చేతిలో ఉంది. ఎవరైనా ఎంబీల కొద్దీ పొడవున్న కమాండ్ లైనుతో ప్రోగ్రాం నడిపితే జర్నల్‌డీ కుప్పకూలేది. మిగతా రెండు లోపాలను కలిపి వాడితే మామూలు వినియోగదారుడు సర్వాధికారాలుండే రూట్ కావచ్చని క్వాలిస్ చూపించింది. 64 బిట్ యంత్రం మీద సగటున 70 నిమిషాల్లో సాధించామని చెప్పింది.

సవరణ స్పష్టమే: ఆ చోటును స్టాక్ మీద కాకుండా, టెంట్ హౌస్ తరహాలో అడిగి తెచ్చుకునే హీప్ మీద తీసుకోవడం. సిస్టమ్‌డీ వాళ్ళు అలాగే చేశారు. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 మాత్రం 219 అనే పాత సిస్టమ్‌డీ వెర్షన్ మీద నడిచేది. కొత్త కోడ్‌కు చేసిన సవరణను ఆ పాత కోడ్‌లోకి తెచ్చి అతికించాల్సి వచ్చింది. అతికించారు. ఇంతకాలం స్టాక్ మీద ఉన్న చోటును ఎవరూ తిరిగి ఇవ్వనక్కర్లేకపోయింది. ఫంక్షన్ ముగియగానే దానంతట అదే పోతుంది. హీప్ మీదికి మారగానే తిరిగిచ్చే పూచీ ఎవరో ఒకరు తీసుకోవాలి. పాత కోడ్‌లో ఆ పూచీ ఎవరికీ దక్కలేదు. కమాండ్ లైను కోసం తీసుకున్న మెమరీ అలాగే ఉండిపోయింది. భద్రతా లోపాన్ని పూడ్చడానికి వచ్చిన సవరణే కొత్త లీకు తెచ్చింది. ఆ లీకుకూ భద్రతా లోపాల జాబితాలో ప్రత్యేకంగా ఒక నంబరు పడింది: సీవీఈ-2019-3815. స్థానిక వినియోగదారుడు దీన్ని వాడుకుని జర్నల్‌డీని కూల్చవచ్చని అందులో రాశారు. అసలు సిస్టమ్‌డీలో ఈ లీకు లేదు, ఆ అతికింపులోనే ఉంది.

దీన్ని చదివినప్పుడల్లా ఆ సవరణ చేసినవాళ్ళను తప్పుపట్టాలనిపించదు. ఏ ఒక్క ఫంక్షన్‌ను ఎంత శ్రద్ధగా చదివినా ఆ లోటు కనిపించదు. తీసుకునే చోటు ఒకటి, వాడే చోటు మరొకటి. రెండూ ఒకేసారి కంటి ముందు పెట్టుకుంటేనే కనిపిస్తుంది. ఇలాంటి లోటు రాకుండా సిస్టమ్‌డీ కోడ్‌లో ఒక అలవాటు విరివిగా కనిపిస్తుంది. ఒక వేరియబుల్‌ను ప్రకటించే దగ్గరే, ఈ ఫంక్షన్ నుంచి ఏ దారిలో బయటికి పోయినా దీన్ని ఫ్రీ చేయమని కంపైలర్‌కు చెప్పే గుర్తు పెడతారు. మధ్యలో తప్పు వచ్చి తిరిగిపోయినా, మామూలుగా ముగిసినా, కంపైలర్ ఆ పని చేస్తుంది. పూచీ ఎవరిదో మొదటి లైనులోనే రాసి ఉంటుంది.

లీకు పట్టుకునేలోగా యంత్రం ఎలా బతకాలి? చాలాచోట్ల రాత్రి రెండు గంటలకు సర్వీసును రీస్టార్ట్ చేసే క్రాన్ పెడతారు. దీన్ని వెక్కిరించే ఇంజినీర్లు ఉన్నారు, నేను వెక్కిరించను. తెల్లారి పనిచేయాలి కదా. కాకపోతే ఒకటి చూసుకోవాలి: రీస్టార్ట్‌తో మెమరీ క్యూలో ఉన్న సందేశాలు పోవచ్చు. డిస్కు మీదికి క్యూ దించుకునే ఏర్పాటు ముందే చేసుకోవాలి. రీస్టార్ట్‌కు ముందు మెమరీ లెక్కనూ ఒక ఫైలులో రాసిపెట్టాలి. లేకపోతే రోజూ రాత్రి ఆధారాన్ని మనమే తుడిచేస్తున్నట్టు.

మెమరీ పూర్తిగా అయిపోతే కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. ఎక్కువ తింటున్నదాన్ని ఎంచుకోవడం దాని పద్ధతి. కానీ జర్నల్‌డీకి ముందే మైనస్ 250 అనే రాయితీ ఇచ్చి ఉంచుతారు. అంటే మొత్తం మెమరీలో నాలుగో వంతు మేర అది తిన్నది లెక్కలోకి రాదు. లాగ్‌లు పోకూడదనే మంచి ఉద్దేశమే. ఫలితం మాత్రం విచిత్రంగా ఉంటుంది. తిన్నది జర్నల్‌డీ, చచ్చింది పక్కనున్న డేటాబేస్. డేటాబేస్ వాళ్ళు తమ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ వారం గడుపుతారు. అలాంటప్పుడు డీమెసేజ్ కమాండ్‌తో కెర్నెల్ తన సొంత బఫర్‌లో రాసుకున్నది చూడాలి. లాగ్ సర్వీసు ఏమైపోయినా ఆ బఫర్ విడిగా ఉంటుంది. చంపే ముందు కెర్నెల్ అన్ని ప్రాసెస్‌ల మెమరీ పట్టికనూ అందులో అచ్చు వేస్తుంది. చచ్చినదాని పేరు ఒక్కటే చదివి ఆగిపోకండి, పట్టిక మొత్తం చూడండి.

ఇక సవరణ చేశాక అది నిజంగా సవరించిందా అన్నది చూడాలి. మూడు వారాలకు కనబడిన లీకు పోయిందో లేదో తేల్చుకోవడానికి మళ్ళీ మూడు వారాలు కాచుకుని కూర్చోనక్కర్లేదు. మొదట లెక్క తేల్చిన ఆ ప్రయోగాన్నే, అవే 1,00,000 సందేశాలతో, అదే మెషీన్ మీద మళ్ళీ నడపాలి. లీకు కనెక్షన్ తెగే దారిలో ఉంటే, పరీక్షలో కనెక్షన్‌ను కావాలనే వేలసార్లు తెంపాలి. ఆర్‌ఎస్‌ఎస్ ఆనన్ మొదట్లో కాస్త పెరిగి ఒక ఎత్తు దగ్గర నిలవాలి. అదే పరీక్షను ప్రతి కొత్త బిల్డ్ మీద రాత్రిళ్ళు నడిచేట్టు పెట్టి, హద్దు దాటితే బిల్డ్ ఆగిపోయేలా చేస్తే, ఇంకో ఏడాదికి ఎవరో పాత కోడ్‌లోకి ఏదో అతికించినప్పుడు ఆ సంగతి మర్నాడు పొద్దున్నే తెలుస్తుంది.